సాగనంపే చెయ్యి

మొన్న వేసవిలో, నాతో కలిసి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన స్నేహితురాలి కొడుకు పెళ్ళికి వెళ్ళాను. శుభలేఖలో ఫంక్షన్ హాలు పేరు చూసినప్పుడు నాకేమీ తట్టలేదు. నరసరావుపేట దాటాక ఆటో పక్క రోడ్డులోకి తిరిగి, రెండు లావుపాటి సున్నపు స్తంభాల మధ్య ఆగింది. అప్పుడు తెలిసింది, అది మా కోట అని. మా కోట అనడం నోటి అలవాటే గాని, దానిలో మాకు ఇటుక ముక్క కూడా లేదు. నాన్న అక్కడ గుమాస్తా. నేను ఆ కోట లోపల, ఆడవాళ్ళుండే భాగంలో, ఏడాదిన్నర ఉన్నాను. ఫంక్షన్ హాలువాళ్ళు దేవుడి గది ఉన్నచోట చేతులు కడుక్కునే తొట్లు కట్టారు. ఒకప్పుడు మగవాడి నీడ పడని వసారాలో కేటరింగ్ కుర్రాళ్ళు బనియన్లతో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. అక్కడే నిలబడిపోయిన నన్ను చూసి ఒకామె, "భోజనాలు అటు పక్కండీ. ఇటేముంది చూడను?" అంది. నేనిక్కడ ఉండేదాన్నని చెప్పాను. "ఇక్కడా? రాజుల ఇల్లంట గదా ఇది! అదృష్టం చేసుకున్నారు" అంది ఆమె. నేను నవ్వాను. ఆ రాత్రి ఇంటికి వచ్చాక నిద్ర పట్టక, రాయడం మొదలుపెట్టాను.

ఊళ్ళోవాళ్ళు దాన్ని బయటి కోట, లోపలి కోట అనేవాళ్ళు. బయటి కోటలో జమీందారీ కచేరీ ఉండేది. మా కాలానికి జమీ పోయి చాలా ఏళ్ళయింది. నాన్నకు పని లేదు, పేరు మాత్రం మిగిలింది. అయినా రోజూ ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళి ఆ కచేరీలో కూర్చుని వచ్చేవాడు. ఆ కచేరీ హాలును చిలకలూరిపేట వ్యాపారి ఒకాయన అద్దెకు తీసుకుని మిరపకాయల బస్తాలు పెట్టుకున్నాడు. లోపలి కోటలో పెద్ద దొరసానమ్మగారు, ఆమె ఆడపడుచు కాంతమ్మగారు, పనిమనిషి రంగమ్మ ఉండేవాళ్ళు. ముగ్గురూ భర్తలు పోయినవాళ్ళే. దొరసానమ్మగారి కొడుకు, కోడలు హైదరాబాదులో ఉండేవాళ్ళు. దొరసానమ్మగారికి కళ్ళు మసకలు కమ్మాయి. ఆపరేషను చేయించుకోవాలంటే గడప దాటాలి, పరాయి మగవాడి ఎదుట కూర్చోవాలి. అది ఆమె వల్ల కాలేదు. చదివి వినిపించడానికి ఒక ఆడపిల్ల కావాలని నాన్నను అడిగారు.

నేను ఆ ఏడే ఇంటర్ పూర్తి చేసి, టీచర్ ట్రైనింగ్ సీటు కోసం ఎదురుచూస్తున్నాను. క్లాసులో లెక్చరర్ ప్రశ్న అడిగితే జవాబు నాకు వచ్చేది, చెయ్యి మాత్రం లేచేది కాదు. బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయినా 'ఆపండి' అనలేక పక్క ఊరిదాకా పోయి నడిచి వచ్చేదాన్ని. "సీటు వచ్చిందాకా అక్కడుండమ్మా. నాలుగు బీరువాల నిండా పుస్తకాలున్నయ్. నీకు చదువుకున్నట్టూ ఉంటది, వాళ్ళ ఉప్పు తిన్నందుకు మనం కాస్త పనికొచ్చినట్టూ ఉంటది" అన్నాడు నాన్న. పుస్తకాలనగానే నేను ఇంకేమీ అడగలేదు.

లోపలి కోటకు కిటికీలున్నాయి గాని అవి మనిషి తల కంటే ఎత్తున ఉండేవి. వాటిలోంచి వెలుగు వచ్చేది, గాలి వచ్చేది, చూపు మాత్రం పోయేది కాదు. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో పైకప్పు లేని మండువా. నేలంతా నాపరాళ్ళు, మే నెలలో కూడా పాదానికి చల్లగా తగిలేవి. పాత సున్నం చెమ్మ, గబ్బిలాల కంపు, బట్టల పెట్టెల్లో కలరా ఉండల వాసన, వీటన్నిటి మీదా బయటి హాలులోంచి వచ్చే మిరప ఘాటు. బస్తాలు కదిలించిన రోజున దొరసానమ్మగారైనా, రంగమ్మైనా ఒకటే తుమ్ములు. ఎండ మండువాలో ఏ రాయి మీదికి వచ్చిందో చూసి పొద్దు తెలుసుకునేవాళ్ళం. గోడ గడియారం ఉంది గాని, దానికి కీ ఇవ్వడం దొరసానమ్మగారి భర్త పెద్దదొరగారి పనట. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు.

పొద్దున్నే కావడి సుబ్బయ్య నీళ్ళు తెచ్చేవాడు. గుమ్మం అవతలి నుంచే "నీళ్ళమ్మా, నీళ్ళు!" అని అరిచి ఆగేవాడు. మేం నలుగురం గదుల్లోకి వెళ్ళి తలుపులు దగ్గరగా వేసుకున్నాక రంగమ్మ లోపలి నుంచి "రా!" అనేది. అతను తలవంచుకుని వచ్చి గంగాళాలు నింపి పోయేవాడు. ఏడాదిన్నరలో నేనతని ముఖం చూడలేదు. మడమల పగుళ్ళు మాత్రం తలుపు సందులోంచి చూశాను. మొదట్లో నాకిదంతా నవ్వులాటగా ఉండేది. తర్వాత తర్వాత, అతని కేక వినపడీ వినపడకముందే నా కాళ్ళే గదిలోకి నడిచేవి. దొరసానమ్మగారు స్నానం, పూజ ముగించుకుని వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, చేతికర్ర పక్కన ఆనించి ఉయ్యాల బల్ల మీద కూర్చునేవారు. మధ్యాహ్నం నేను చదవాలి. ఆమె పెళ్ళయిన కొత్తలో వారపత్రికల నుంచి చింపి, బైండు చేయించుకున్న సీరియళ్ళు. ఒక్కో ప్రకరణంలో సగానికి రాగానే చెయ్యి పైకెత్తేవారు.

"చాలు. మిగతాది రేపు."

"ఇంకా నాలుగు పేజీలే అమ్మగారూ. ఆమె ఉత్తరం చదువుతుందో లేదో..."

"అన్నీ ఇవాళే తెలిస్తే రేపు ఏం చేస్తావే పిల్లా?" అనేవారు.

మిగతాది నేను నా గదిలో దొంగతనంగా చదువుకునేదాన్ని. మరునాడు తెలియనట్టు చదివేదాన్ని. డైరీలో 'ఈ రోజు విశేషాలేమీ లేవు' అని రాసుకునేదాన్ని. అలా వరసగా ఎన్ని పేజీలు రాశానో. ఒక మాట నిజం చెప్పాలి. ఆ ఇల్లు నాకు బాగుండేది. నన్నెవరూ పలకరించరు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, బస్సు దిగక్కర్లేదు. కావలసినన్ని పుస్తకాలు. ఒకరోజు రంగమ్మ నా జడ వేస్తూ, "నువ్వు ఈ ఇంటికి భలే కుదిరావమ్మా. కాంతమ్మగారు కూడా నీలాగే ఉండేది. నాలుగు రోజులుండి పోదామని వచ్చింది" అంది. కాంతమ్మగారు వచ్చి నలభై ఏళ్ళవుతోంది. ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు ఆ గోడలు చూస్తే భయం వేసేది. నన్ను ఎవరూ బంధించలేదు. తలుపు గడియ మా వైపే ఉండేది. కాని గడియ తీసి ఎక్కడికి వెళ్ళాలో, వెళ్ళాక ఏం మాట్లాడాలో నాకు రోజురోజుకీ తెలియకుండా పోతోంది.

రెండో వేసవిలో సీటు వచ్చింది. నాన్న వచ్చి గుమ్మం అవతల నిలబడి దగ్గాడు. ఆయన ఎప్పుడూ లోపలికి రాడు. గుమ్మానికి కట్టిన తెరకు ఇటు దొరసానమ్మగారు, అటు నాన్న, చూపు నేల మీద.

"నరసరావుపేటలోనే వచ్చిందమ్మగారూ. వచ్చే సోమవారానికల్లా చేరకపోతే ఇంకోళ్ళకి ఇచ్చేస్తారంట. తమరు సెలవిస్తే తీసుకుపోతా."

"మంచిమాటే కదయ్యా. దానికేం, ముత్తైదువ చేత బొట్టు పెట్టించి, చీర పెట్టి పంపుతాను. ఊరకే పంపితే ఈ ఇంటికి మర్యాదా?"

అది ఆ ఇంటి ఆచారం. లోపలి కోటలో మూడు రాత్రులు నిద్రచేసిన ఏ ఆడపిల్లనైనా భర్త ఉన్న ఆడమనిషి చేత్తో సాగనంపాలి. గడప దాటే వేళకు భర్త పోయినవాళ్ళు ఎదురు రాకూడదు, వెళ్ళేవాళ్ళ కంట పడకూడదు. ఆ పనికి పూర్వం ఇంట్లోనే ఎంతోమంది ఉండేవాళ్ళు. ఇప్పుడు ఇంట్లో ఒక్కరూ లేరు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఊళ్ళో ఆడవాళ్ళకు కొదవేమీ లేదు గాని, ఆ గడప లోపలికి వచ్చి ఆ పని చేయదగిన ఇళ్ళు అని ఏవో లెక్కలుండేవి. ఆ ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే బస్తీలకు వెళ్ళిపోయారు. బయటి వసారా రోజూ ఊడ్చే మరియమ్మకు భర్త ఉన్నాడు, నలుగురు పిల్లలున్నారు. ఆమె సంగతి ఆ ముగ్గురికే కాదు, నాకూ తట్టలేదు.

చివరికి పోస్టుమాస్టరుగారి భార్యను బతిమాలి రప్పించారు. బుధవారం పొద్దున ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. నేను కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చున్నాను. ఆవిడ వేలు నా నుదుటి దగ్గరికి వచ్చేసరికి, బయట హాలులో ఎవరో బస్తా దించినట్టున్నారు, కాంతమ్మగారు తుమ్మింది. ఒంటి తుమ్ము. ఆవిడ వేలు గాలిలోనే ఆగిపోయింది. అందరూ రెండో తుమ్ము కోసం కాంతమ్మగారి ముఖంలోకి చూశారు. ఆమె ఎంత ప్రయత్నించినా రాలేదు. ముక్కులో పమిట కొస కూడా పెట్టుకుని చూసింది పాపం.

"ఇవాళ వద్దులెండి" అన్నారు దొరసానమ్మగారు.

"మళ్ళీ నాకు కుదరదండీ. మా అమ్మాయి పురిటికి రేపు బయల్దేరుతున్నా" అని ఆవిడ వెళ్ళిపోయింది.

నాన్న తెర అవతలే ఉన్నాడు. "చిన్న దొరసానికి కబురు పెడతానయ్యా. ఆమె వచ్చి బొట్టు పెడుతుంది" అన్న దొరసానమ్మగారి మాట విని, "చిత్తం" అని వెళ్ళిపోయాడు. చిన్న దొరసాని, అంటే ఆ హైదరాబాదు కోడలు, ఆ ఇంట్లో అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో రంగమ్మ కూడా చెప్పలేకపోయింది. 'నేనే వెళ్తాను, బొట్టు అక్కర్లేదు' అని నాన్న వెనక పరిగెత్తాలనుకున్నాను. పరిగెత్తలేదు. గదిలోకి పోయి పుస్తకం తెరిచాను. మధ్యాహ్నం యథాప్రకారం చదివాను. దొరసానమ్మగారు సగంలో చెయ్యెత్తారు. ఆమె నిజంగా శకునానికే భయపడ్డారా, నన్ను ఉంచుకోవాలనే అలా అన్నారా అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. రెండూ నిజమేనేమో. ఆ ఇంట్లో ప్రేమ కూడా ఆచారం బట్టలే కట్టుకునేది.

శనివారం గాజుల మస్తాన్‌బీ వచ్చింది. కోటలోకి మగ గాజులవాళ్ళు రాకూడదు కనుక వాళ్ళ అత్త కాలం నుంచీ ఆడవాళ్ళే వచ్చేవాళ్ళు. ముగ్గురిలో ఎవరూ గాజులు వేసుకోకపోయినా, పండగల ముందు ఆమె రావడం, దొరసానమ్మగారు చేటెడు బియ్యం పోయించడం ఆగలేదు. నేను వచ్చాక తొడగడానికి ఒక జత చేతులు దొరికాయి. మస్తాన్‌బీ గాజుల మలారం దించి, చెమట తుడుచుకుని నన్ను చూసింది.

"ఏందమ్మే, ఇంకా ఈడనే ఉన్నావా? పోయినసారి వచ్చినప్పుడే పంతులమ్మ చదువుకి పోతన్నా అంటివిగా!"

దొరసానమ్మగారే జవాబు చెప్పారు. "సీటు వచ్చిందే మస్తాన్‌బీ. సాగనంపడానికి ముత్తైదువ దొరకలేదు."

"ముత్తైదువ దొరకలేదా? ఊళ్ళో మొగుళ్ళంతా ఒక్కసారే పోయారా ఏంది?"

రంగమ్మ కిసుక్కుమని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా గడప తొక్కేవాళ్ళుండాలి కదే" అన్నారు దొరసానమ్మగారు. మస్తాన్‌బీ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి చూసింది. "చెయ్యి వదులు పెట్టు తల్లీ. బిగిస్తే గాజు పగులుద్ది. నొప్పి నీకు, నట్టం నాకు" అంది. ఆ తర్వాత తలెత్తకుండానే, గాజుల్లో సైజు వెతుకుతూ అంది:

"మీ గడప నేను తొక్కలా అమ్మా? మా అత్త తొక్కలా? కాంతమ్మగారి పెళ్ళికి మోచేతులదాకా తొడిగింది మా అత్త. మీ కోడలమ్మ సీమంతానికి తొడిగింది నేను. ఆ రోజు పనికొచ్చిన చెయ్యి ఈ రోజు పనికిరాకుండా పోయిందా?"

"నువ్వు సాయిబులదానివి. బొట్టెట్లా పెడతావే?"

"బొట్టు ఆ పిల్లే పెట్టుకుంటది. చిన్నప్పట్నుంచీ పెట్టుకుంటానే ఉంది గదా, ఈ రోజు కొత్తా? నేను గాజులు తొడిగి పంపుతా. మా ఆయన ఆయుష్షుకి మీరేం బయపడమాకండి. పొద్దున లేచిన కాడ నుంచి నన్ను తిడతానే ఉన్నాడు, గుండురాయిలా."

"ఇట్లా మన ఇంట్లో ఎప్పుడూ జరగలేదు వదినా" అంది కాంతమ్మగారు, మెల్లగా.

దొరసానమ్మగారు ఉయ్యాల ఆపారు. బుగ్గన వక్కపలుకు అటు నుంచి ఇటు మారింది. మసక కళ్ళు నా వైపు తిప్పి, ఏడాదిన్నరలో ఎవరూ అడగని మాట అడిగారు.

"ఏమే పిల్లా. నీకు వెళ్ళాలని ఉందా?"

 జవాబు తెలిసీ చెయ్యెత్తని ఆ క్లాసు, దిగాల్సిన చోటు దాటి పోతున్న బస్సు, అన్నీ ఆ క్షణంలో ఆ మండువాలోకి వచ్చాయి. 'మీ ఇష్టం అమ్మగారూ' అనే మాట నాలుక మీదే ఉంది. అది అంటే అందరికీ బాగుంటుంది. కాంతమ్మగారికి నలభై ఏళ్ళ కింద ఎవరో ఇదే మాట అడిగి ఉంటారని, ఆమె ఆ జవాబే చెప్పి ఉంటుందని ఎందుకో అనిపించింది. ఆమె నా వైపే చూస్తోంది. నా చెయ్యి ఇంకా మస్తాన్‌బీ ఒళ్ళోనే ఉంది. ఆమె తన బొటనవేలితో నా అరచేతిని ఒక్కసారి గట్టిగా నొక్కింది.

"ఉంది" అన్నాను.

"నాకు వినపడలేదు."

"వెళ్ళాలని ఉందమ్మగారూ. నాకు వెళ్ళాలని ఉంది."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. మండువా అంతా ఖంగుమంది. దొరసానమ్మగారు ఉయ్యాల మళ్ళీ ఊపారు. తర్వాత, "రెండు చేతులకీ తొడుగు మస్తాన్‌బీ. పచ్చవి" అన్నారు. మస్తాన్‌బీ మొదటి గాజు నా మణికట్టుకు ఎక్కించిందో లేదో, కాంతమ్మగారు మళ్ళీ తుమ్మింది. మళ్ళీ ఒంటిదే. రంగమ్మ బిగుసుకుపోయింది.  మస్తాన్‌బీ చెయ్యి మాత్రం ఆగలేదు.

"అది మిరగాయ తుమ్మమ్మా. దేవుడు తుమ్మిస్తే గొంతు ఇట్టా మండదు" అని రెండో గాజు తొడిగింది.

దొరసానమ్మగారు నవ్వారు. చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వారు. కాంతమ్మగారు పమిటతో ముక్కు తుడుచుకుంటూ తనూ నవ్వింది. ఆమె కళ్ళలో నీళ్ళు మిరప ఘాటుకో మరి దేనికో నాకు తెలియదు.

మరునాడు పొద్దున్నే నాన్నకు కబురు వెళ్ళింది. మధ్యాహ్నం నేను చదువుతుంటే దొరసానమ్మగారు సగంలో చెయ్యెత్తలేదు. ప్రకరణం అయిపోయింది. ఇంకొకటి చదవమన్నారు. చీకటి పడేదాకా చదివాను. "రేపు పొద్దున నా ముఖం చూడాలని వెనక్కి తిరగకు. తిన్నగా వెళ్ళు" అన్నారు. సోమవారం పొద్దున రంగమ్మ చీర పొట్లం గుమ్మంలో పెట్టి, తనూ తలుపు చాటుకు తప్పుకుంది. నా బొట్టు నేనే పెట్టుకున్నాను.

మొన్న పెళ్ళిలో ముహూర్తం అయ్యాక నేను లోపలి కోటంతా తిరిగి చూశాను. ఎవరూ అడ్డం చెప్పలేదు. అక్కడ ఇప్పుడు తలుపు అనేదే లేదు. ఆడపిల్లలు సెల్‌ఫోన్లు చేత్తో పట్టుకుని, ఎవరినీ అడగకుండా లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఒక పిల్ల గడప మీదే కూర్చుని చెప్పు బకిల్ పెట్టుకుంటోంది. నా ఉద్యోగంలో వందలమంది ఆడపిల్లలకు 'చెయ్యెత్తి జవాబు చెప్పండి' అని చెప్పాను. ఈ పిల్లలను చూసి సంతోషపడాలి, పడ్డాను కూడా. కాని తాము వెళ్ళేటప్పుడు ఎవరో చాటున నిలబడి వింటారన్న ధ్యాస వాళ్ళకు లేదు, ఉండక్కర్లేదు. లోపలి కోట నుంచి వీధి గుమ్మం దాకా ఒక పొడుగాటి నడవ ఉండేది. ఆ నడవకు ఒక పక్కన గోడ, గోడ అవతల ఆడవాళ్ళ వసారా. కార్లు పెట్టుకోవడానికి ఇప్పుడు ఆ గోడ తీసేశారు.

ఆ రోజు ఆ గోడ ఉంది. నాన్న పెట్టె పట్టుకుని ముందు నడుస్తున్నాడు. నాలుగు అడుగులు వేశాక గోడ అవతల చేతికర్ర చప్పుడు వినపడింది. నాపరాయి మీద టక్కు, తర్వాత కాలు ఈడ్చిన చప్పుడు, మళ్ళీ టక్కు. నేను అడుగు వేస్తే అది కదిలేది. నేను కొంగు సర్దుకోవడానికి ఆగితే అదీ ఆగింది. కళ్ళు కనపడని ఆమెకు నేనెంతవరకు వచ్చానో ఎలా తెలుస్తోందా అనుకున్నాను. అప్పుడు గమనించాను, నా గాజులు. నడిచేటప్పుడు చప్పుడు కాకుండా గాజులను మోచేతి వైపు తోసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. తోసుకున్నా ఆ కొత్త గాజులు సన్నగా మోగుతూనే ఉన్నాయి. రెండు చేతుల గాజులూ మణికట్టు దాకా కిందికి లాగాను. చేతులు ఊపుకుంటూ నడిచాను. నాన్న వెనక్కి తిరిగి వింతగా చూశాడు. గోడ అయిపోయిన చోట కర్ర చప్పుడు ఆగింది. వీధిలోకి వచ్చాక కూడా, బస్సు ఎక్కేదాకా, అందరూ చూస్తున్నా సరే, నేను చేతులు ఊపడం మానలేదు.